ముల్లు తీసుకుని తిను నాయనా

మొన్న క్రిస్మస్ సెలవులకొచ్చి తిరిగి హైదరాబాదు వెళ్ళేటప్పుడు మా మనవణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు మాటలు చెబుదామనుకున్నాను. వాడు సగం విన్నాడు. మిగతా సగం నా నోట్లోంచి రాకముందే ఫోను మోగింది. బస్సువాడు పాయింటు దగ్గరకు వచ్చేశానన్నాడట. వీడు బ్యాగు భుజాన వేసుకుని "వందనాలు నాయనమ్మా" అంటూ ఉరికాడు. ఆ మిగిలిపోయిన సగం నాకు ఇప్పటికీ అరగడం లేదు. నువ్వూ వాడి ఈడే గదా నాయనా. వాడి లాగే నీ మనసూ మంచిదే, కాళ్ళే ఒకచోట నిలవవు. అందుకని నీకు చెబుతున్నా. ఆ చెప్పులు విప్పి ఇట్లా కూర్చో. ఫోను బోర్లా పెట్టు.

మాది ఒంగోలు పక్క పల్లె. నా చిన్నతనంలో గుండ్లకమ్మ చేపలు తట్టల్లో గుమ్మం ముందుకొచ్చేవి. బొచ్చె దొరికిన రోజు ఇంట్లో పులుసు. మా అమ్మ కిరసనాయిలు బుడ్డి దగ్గరకు జరుపుకుని, ముక్కను వేళ్ళతో విప్పి, వెలుతురులో పట్టి చూసి, సన్నముళ్ళు ఒక్కొక్కటే లాగి పళ్ళెం అంచున పెట్టేది. వెన్నుముల్లు ఎవరికైనా కనపడుతుంది. చీలిన పుల్లలాగా రెండు మొనలుండే సన్నముల్లు చూశావూ, అదే కనపడదు, అదే గొంతులో అడ్డం పడుతుంది. మా తమ్ముడు ఆత్రగాడు. వాడికి రెండుసార్లు అడ్డం పడింది, రెండుసార్లూ అమ్మ వట్టి అన్నం ముద్ద నమలకుండా మింగించింది. ఆ తర్వాత వాడు అసలు చేపే తిననని మొండికేశాడు. అమ్మ వాడి నెత్తిన ఒకటి వేసి, "ముల్లుందని చేప మానేస్తావా? చేప కదా అని ముల్లు మింగుతావా? ఆత్రం తగ్గించుకోరా" అంది.

నీకు నేను చెప్పేదల్లా అంతే. ఆత్రం తగ్గించుకో.

మన సంఘాల్లో రెండు రకాల పిల్లల్ని చూస్తున్నా. ఒకడు సినిమా అన్నా, పండగన్నా, పాటన్నా, పుస్తకమన్నా "అదంతా లోకం" అని పళ్ళెం తోసేస్తాడు. ఇంకొకడు తల, తోకతో సహా మింగేస్తాడు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకడే. శనివారం రాత్రి మింగేది వాడే, ఆదివారం పొద్దున తోసేదీ వాడే. మింగడానికీ క్షణం పట్టదు, తోసెయ్యడానికీ క్షణం పట్టదు. విప్పి చూసుకోవడానికే ఓపిక కావాలి, కాస్త వెలుతురు కావాలి. పక్కన ఒక పెద్దమనిషి ఉంటే ఇంకా మంచిది.

కిందటి సంక్రాంతినాడు జరిగింది చెబుతా. ఎదురింటి వదిన పళ్ళెంలో అరిసెలు పెట్టుకుని, పైన గుడ్డ కప్పుకుని మా గడప దగ్గరకొచ్చింది. తలుపు తీసింది మావాడు. "ఏంటి మామ్మా, ప్రసాదమా? మేం తినం" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజం చెప్పాలి. ఎక్కడో విన్న పాఠం అప్పజెప్పినట్టు అనేశాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆమె మొహం వాడిపోయి ఉంది. "కాదు నాయనా, పూజకు పెట్టకముందే మీ ఇంటికని తీసి పక్కన పెట్టా. మీ నాన్న చిన్నప్పటి నుంచీ అట్లాగే గదా తెస్తున్నది" అంది.

విన్నావా? ఎవరూ అడక్కుండానే, ఏటేటా, పొయ్యి మీద నుంచి దించిన అరిసెల్లో మన వాటా ముందు తీసి విడిగా పెట్టే మనిషి ఆమె. మన మనస్సాక్షిని మనకన్నా ముందు ఆమె కాపాడుతోంది. వాడు ఆ మనిషిని గడప అవతల నిలబెట్టి ప్రశ్న వేశాడు.

నేను ప్రసాదం తినమనీ అనడం లేదు, తినవద్దనీ అనడం లేదు. ఆ సంగతి కొరింథీ వాళ్ళకు పౌలు రాసిన ఉత్తరంలో ఉంది, తీరిగ్గా చదువుకో. ఎవరైనా భోజనానికి పిలిస్తే, ఆరాలు తియ్యకుండా పెట్టింది తిని రమ్మన్నాడు. ఇది విగ్రహానికి పెట్టిందని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పిన మనిషి కోసం మానుకోమన్నాడు. చూడు, పౌలు తినే వస్తువు కంటే ఎదుటివాడి మనసు మీదే ఎంతసేపు నిలిచాడో. వద్దనే హక్కు నీకుంది నాయనా. వద్దనడానికో పద్ధతి కూడా ఉంది. "మామ్మా, లోపలికి రా, కూర్చో" అన్న తర్వాత చెప్పే 'వద్దు' వేరు, గడప మీద చెప్పే 'వద్దు' వేరు.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తా. ఎదురింటి వాళ్ళను "అన్యులు" అనడం మానుకో. ప్రార్థన కూటంలో అలవాటుగా వాడేస్తున్నారు మీరంతా. మా నాన్న కూడా వాడేవాడు, నేనూ వాడాను. మావాడికి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు అర్ధరాత్రి ఆటో మాట్లాడుకుని ఆసుపత్రి మెట్ల మీద తెల్లారేదాకా కూర్చున్న మనిషి అన్యురాలెట్లా అవుతుంది? ఆమెకు పేరుంది, వరస ఉంది. ఆ వరసతో పిలువు.

నీకు దానియేలు కథ సండే స్కూల్లో సింహాల గుహ దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగించి ఉంటారు. మొదటి అధ్యాయం మళ్ళీ చదువు. బబులోనుకు పట్టుకుపోయిన పిల్లలు వాళ్ళు. కల్దీయుల భాష, వాళ్ళ విద్య, మూడేళ్ళ చదువు. దానియేలు చదివాడు. పేరు మార్చి బెల్తెషాజరన్నారు, ఊరుకున్నాడు. చదువు దగ్గర ఆగలేదు, పేరు దగ్గర ఆగలేదు, రాజుగారి పళ్ళెం దగ్గర మాత్రం ఆగాడు. ఆగినప్పుడైనా పళ్ళెం విసిరికొట్టాడా? మీద ఉన్న అధికారిని మర్యాదగా అడిగాడు. పది రోజులు కూరగాయలు పెట్టి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాడు. ఆ అధికారి మెడమీదకు ఏం వస్తుందో కూడా ఆలోచించి అడిగాడు. నువ్వైతే అక్కడే వీడియో తీసి స్టేటస్ పెట్టేవాడివి.

నవ్వకు. నిజమే అంటున్నా.

అన్నిటి దగ్గరా ఆగేవాడికి అసలు ఆగాల్సిన చోటు వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. ఎక్కడ ఆగాలో ముందు తేల్చుకో. తేల్చుకోవాలంటే చూడాలి. పౌలు ఏథెన్సు వెళ్ళినప్పుడు ఆ ఊరి విగ్రహాలను చూసి లోపల కలతపడ్డాడని రాసి ఉంది. కలతపడి ఏం చేశాడు? ఊరంతా తిరిగాడు, బలిపీఠాల మీద రాతలు చదివాడు, తెలియని దేవుడికంటూ ఒక బలిపీఠం కనపడితే అక్కడ పట్టుకున్నాడు మాట. వాళ్ళ కవుల మాటే వాళ్ళకు ఎత్తి చెప్పాడు. అంటే ఆ కవుల్ని ఎప్పుడో చదివాడన్నమాట! కొందరు నవ్వారు, కొందరు మళ్ళీ వింటామన్నారు. దియొనూసి అనే ఆయన, దమరి అనే ఆమె, ఇంకొందరు నమ్మారు. చాలదా?

మన పెద్దవాళ్ళూ ఊరికే కూర్చోలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ ఇంట్లో అటక మీద ఉంటే దించి దుమ్ము దులుపు. చాలా పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890 దాకా బతికిన మనిషి. యేసు మీద పాట కట్టాలంటే ఇంగ్లీషు బాణీ కోసం ఓడ ఎక్కలేదు. మన చెవికి పుట్టుకతో తెలిసిన రాగాల్లోనే కట్టాడు. ఆ రాగాలు అంతకుముందు ఏ గుళ్ళో మోగాయి, ఎవరి భజనలో మోగాయని ఆయన భయపడలేదు. అట్లాగని భజనలోని ప్రతి మాటా తెచ్చి చర్చిలో పెట్టనూ లేదు. రాగం తీసుకున్నాడు, మాట తూచి తూచి వేశాడు. ముల్లు తియ్యడమంటే అదే.

డోర్నకల్ చర్చి చూశావా? చూడకపోతే ఈసారి ఆ రైలు మార్గంలో వెళ్ళేటప్పుడు దిగి చూడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు అజరయ్యగారు కట్టించింది. గుడి పోలికా ఉంటుంది, మసీదు పోలికా ఉంటుంది, మధ్యలో సిలువ ఉంటుంది. 1939లో ప్రతిష్ఠ చేసేదాకా ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. నేను బడిపిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక పిల్ల "టీచర్, ఇది మనదేనా?" అనడిగింది. మనదేనే తల్లీ అన్నాను.

ఇక గుర్రం జాషువాగారి సంగతి. నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన దాన్ని, ఆయన పేరెత్తకుండా నోరు మూసుకోలేను. 1895లో వినుకొండలో క్రైస్తవుల ఇంట పుట్టాడు. పద్యం మీద మోజుపడ్డాడు. పురాణ కథల మీద రాస్తున్నాడని మనవాళ్ళు దూరం పెట్టారు, నీకు పద్యమెందుకని అవతలివాళ్ళు దూరం పెట్టారు. ఆయన ఇటూ పోలేదు, అటూ పోలేదు, రాసుకుంటూ పోయాడు. 1941లో 'గబ్బిలం'. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మా ఊళ్ళో రాత్రంతా 'సత్య హరిశ్చంద్ర' నాటకం ఆడితే, కాటిసీనులో జాషువాగారి శ్మశానం పద్యాలు పాడందే జనం లేచేవాళ్ళు కాదు. హరిశ్చంద్రుడి నోట క్రైస్తవుడి పద్యం! ఒన్స్‌మోర్ అని అరిచేవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో. చివరికి ఆయన 'క్రీస్తు చరిత్ర' రాస్తే 1964లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. పురాణం చదివినందువల్ల ఆయన క్రీస్తు తగ్గిపోయాడా? ఆ చదువే లేకపోతే అంత పద్యం ఎక్కణ్ణుంచి వచ్చేది?

మా నాన్న మాత్రం ఇవన్నీ ఒప్పుకునే మనిషి కాదు. సండే స్కూలు సూపర్నెంటు. సినిమా హాలు గడప తొక్కినవాళ్ళకు ప్రభువు బల్లలో పాలు లేదనేవాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1978లో, 'కరుణామయుడు' వచ్చింది. విజయచందర్ యేసు వేషం. సంఘమంతా ట్రాక్టరు కట్టించుకుని వెళదామంటే ఈయనకు ప్రాణసంకటం అయ్యింది. వారం రోజులు గింజుకుని ఆఖరికి బైబిలు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. టిక్కెట్టు కిటికీ దగ్గర ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకున్నాడు. లోపల సిలువ మోసే చోట కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆ తర్వాత వచ్చిన సినిమాలన్నీ మంచివన్నాడని కాదు. కానీ "ఏ సినిమా అది, ఏముంది అందులో?" అని అడగడం అప్పుడు మొదలుపెట్టాడు. అంతకుముందు అడక్కుండా కొట్టేవాడు.

నువ్వూ అడుగు. సినిమాకు వెళ్ళొద్దని నేననను, అన్నా ఆగుతావా? చూసొచ్చాక నిన్ను నువ్వు అడుక్కో. ముద్దు సీను వస్తే కళ్ళు మూసుకునే పిల్లవాడే, ఆ హీరో వద్దన్న పిల్ల వెంటపడి రోడ్డు మీద చెయ్యి పట్టుకుంటే ఈల వేస్తాడు. నల్లగా ఉన్నవాణ్ణీ, లావుగా ఉన్నవాణ్ణీ చూపించి నవ్వమంటే నవ్వుతాడు. ముద్దు సీను వెన్నుముల్లు నాయనా, అది అందరికీ కనపడుతుంది. ఆ ఈల ఉందే, అది సన్నముల్లు. దిగిన సంగతి ఏళ్ళ తర్వాత ఇంటికి వచ్చిన పెళ్ళాం చెప్పాలి.

ఫోను సంగతికొస్తే నాకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నా.

ఒకరోజు రాత్రి పన్నెండున్నరకు మా సంఘం గ్రూపులో మావాడు ఒక వీడియో వేశాడు. ఎవరో ఆయన, ఒక కూల్‌డ్రింకు సీసా తిరగేసి పట్టుకుని, ఇదిగో ఇది సాతాను గుర్తు, ఇది తాగితే మీ పిల్లలు అంతే అంటాడు. కింద మావాడి మాట: అందరికీ పంపండి. అందరూ పంపారు. వీధి చివర మా సంఘంలోనే ఒకామె చిన్న కొట్టు పెట్టుకుని బతుకుతుంది. భర్త లేడు. ఎండాకాలం అని అప్పు తెచ్చి సరుకు దించుకుంది. వారం రోజులు ఒక్క పిల్లవాణ్ణీ ఆ కొట్టుకు పంపలేదు మనవాళ్ళు. తర్వాత అదంతా ఉత్తదేనని ఎవరో చూపిస్తే మావాడు ఆ వీడియో డిలీట్ కొట్టాడు. ఆమె అప్పు డిలీట్ అయ్యిందా? వెళ్ళి ఆమెకు చెప్పిరా అన్నాను. సిగ్గేసింది వాడికి. సిగ్గేసినా వెళ్ళాడు, అది చెప్పుకోవాలి.

పౌలు స్వయంగా వచ్చి బోధిస్తేనే బెరయ వాళ్ళు ఏ రోజుకారోజు లేఖనాలు తిరగేసి, ఇది నిజమేనా అని చూసుకున్నారు. పౌలుకే అట్లా ఉంటే, థంబ్‌నెయిల్ మీద ఎర్రబాణం గీసుకున్నాయన ఏపాటి? రాత్రి వచ్చిన వీడియోను రాత్రికి పడుకోనివ్వు. తెల్లారి లేచాక కూడా పంపాలనిపిస్తే అప్పుడు చూద్దాం. చాలావాటికి తెల్లారేసరికి పస ఉండదు.

ఆగడమంటే మనకు చేతకాని పనేం కాదు. మనం ఆగినవాళ్ళ పిల్లలం. ధాత కరువు విన్నావా? 1876 నుంచి 78 దాకా. ఒంగోల్లో మిషనరీ క్లౌ దొరగారు, ఇంజనీరింగు పని తెలిసిన మనిషి, బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి చూపించాడు. వేలమంది. పగలు మట్టి మోశారు, సాయంత్రం వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఆకలి మీద ఉన్నవాడు అడిగేది దేవుణ్ణో గంజినో తనకే తెలియదని, కరువు నడిచినంతకాలం ఆగమన్నాడు. లెక్క చూపించుకోవాలంటే అంతకన్నా మంచి అదను దొరుకుతుందా? ఆగాడు. కూలి పని అయిపోయింది, ఇక ఆయన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. మా ముత్తవ్వ వాళ్ళు ఆ గుంపులోనే ఉన్నారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆ ఏట్లో చేపలే నేను తిన్నది. అంత కరువులో, ప్రాణం పోతుంటే వాళ్ళు ఆగగలిగారు. చల్లగా ఏసీ గదిలో పడుకుని నువ్వు పొద్దుటిదాకా ఆగలేవా?

ఇప్పుడు అసలు ముల్లు. దీన్ని చెప్పాలంటే నాకే నోరు రాదు.

సంస్కృతి అనగానే నీకు సినిమా, ఇన్‌స్టా, ఆఫీసు పార్టీ గుర్తొస్తాయి. వాటితో పోరాడటానికి యవ్వనస్థుల కూటాలు పెడతారు. కట్నం సంస్కృతి కాదా? కులం సంస్కృతి కాదా? "క్రైస్తవ వధువు కావలెను" అని ప్రకటన వేసి, ఆ పక్కనే కులం పేరు, దాని పక్కన శాఖ పేరు వేస్తున్నాం. గుండ్లకమ్మలో కొట్టుకుపోవాల్సింది పెళ్ళిపీటల దాకా ఈదుకుంటూ వచ్చేసింది. బొట్టు పెట్టుకోవచ్చా, గాజులు వేసుకోవచ్చా అని గంటలు గంటలు వాదించుకుంటాం. దీని గురించి మాత్రం గుళ్ళో గుసగుస కూడా ఉండదు. దోమను వడగట్టి ఒంటెను మింగే సంగతి ప్రభువు ఎవరికి చెప్పాడో నీకు తెలుసు.

నిన్ను అనడం లేదు, నా సంగతే చెబుతున్నా. మా పెద్దబ్బాయి పెళ్ళికి మేం కట్నం అడగలేదు. "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అన్నాం. ఆ మాటకు అర్థమేంటో అన్నవాళ్ళకూ తెలుసు, విన్నవాళ్ళకూ తెలుసు. వియ్యంకుడుగారు ఎకరం అమ్మారు. మూడు ఆదివారాలు గుళ్ళో పెళ్ళి ప్రకటన చదివారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండని. మూడు ఆదివారాలూ నేను ముందు వరసలోనే కూర్చున్నా. ఆ ఎకరం మాట ఎత్తలేదు. 1961 నుంచీ చట్టమే ఉంది, నాకు తెలియక కాదు. ఆ పిల్ల, నా కోడలు, ఇప్పటికీ ఎప్పుడైనా వాళ్ళ ఊరు వెళుతుంటే బస్సు ఆ పొలం దాటేటప్పుడు అటు చూడదు. ఆ సంగతి మా మనవడే నాకు చెప్పాడు. అమ్మ అటువైపు ఎందుకు చూడదు నాయనమ్మా అనడిగాడు. నేనేం చెప్పను?

అందుకే నీకు చెప్పే హక్కు నాకుందో లేదో కూడా తెలియదు. గొంతులో ముల్లు దిగినవాళ్ళే కదా ఎట్లా ఉంటుందో చెప్పగలిగేది.

ఆఫీసు సంగతి రెండు ముక్కల్లో. ఆయుధపూజనాడు నీ కంప్యూటరుకు ఎవరో కుంకుమ పెడితే ఏం చెయ్యాలని ఫోను చేసి అడుగుతావు. మంచిదే, అడుగు. ఆ ఉద్యోగానికి పెట్టిన కాగితాల్లో చెయ్యని మూడేళ్ళ పని చేసినట్టు రాయించుకున్నప్పుడు ఎవరినీ అడగలేదేం? కుంకుమ నువ్వు పెట్టింది కాదు, తుడిస్తే పోతుంది. ఆ కాగితం మీద సంతకం నీది.

ఇంకొకటి. మొన్న సెమీ క్రిస్మస్‌కు యవ్వనస్థుల తరఫున మావాడు సందేశం చదివాడు. బ్రహ్మాండంగా ఉంది. మా వీధిలో ఒక్కరూ మాట్లాడని తెలుగు. ఇంటికొచ్చాక, "ఎవరు రాశార్రా?" అన్నాను. నసిగి నసిగి చాట్‌జీపీటీ అన్నాడు. నేను వాణ్ణి కొట్టలేదు. ఒత్తులు దిద్దడానికి వాడుకో, తేదీ వెతకడానికి వాడుకో. కానీ ఆ డెంగ్యూ రాత్రి సంగతి దానికి తెలుసా? ఆ కొట్టామె గుమ్మంలో తల వంచుకుని నిలబడిన సంగతి తెలుసా? ఆ రెండూ చెప్పి, తడబడి, మధ్యలో ఆగిపోయి కూర్చున్నా జనం ఏడ్చేవాళ్ళురా అన్నాను. వాడు మాట్లాడలేదు. చర్చిలో రిథమ్ ప్యాడ్ మోగితే నేను మొహం చిట్లిస్తాను కాబట్టి, ఇదీ అట్లాంటి ముసలి సణుగుడే అనుకుని ఉంటాడు. కావచ్చు. మా అవ్వ హార్మోనియం చూసి అట్లాగే మొహం చిట్లించేది. నాకు నచ్చనిదల్లా ముల్లు కాదు, ఆ తేడా నేనూ ఇంకా నేర్చుకుంటూనే ఉన్నా.

అదుగో, నీకూ ఫోను మోగుతోంది. ఒక్క నిమిషం, ఇదొక్కటీ విని వెళ్ళు.

ఈసారి క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు గులాబీ పువ్వులు వండుతుంటే మావాడు పీట వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. అచ్చు నూనెలో కాగింది. పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి, చిన్నగా అదిలిస్తే పువ్వు విడిపోతుంది. అదిలించడంలో తొందరపడితే విరుగుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. రెండు గిన్నెల్లో పిండి ఉండటం చూసి, "రెండెందుకు నాయనమ్మా?" అన్నాడు.

"మొదటి వాయికి గుడ్డు కొట్టను. ఎదురింట్లో తినరు."

"ఎప్పట్నుంచి?"

"మీ నాన్న చిన్నప్పటి నుంచి."

వాడు కాసేపు నూనె వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఏమీ అనకుండా లేచి, చేతులు కడుక్కుని, స్టీలు డబ్బా తుడిచి, చల్లారిన పువ్వులు ఒక్కటీ విరగకుండా అందులో పేర్చాడు. పైన గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని రోడ్డు దాటాడు. ఆమె గడప దగ్గర నిలబడి "మామ్మా" అని పిలవడం నాకు ఇక్కడికి వినపడింది. తిరిగి రావడానికి ముప్పావుగంట పట్టింది. పొయ్యి మీద రెండో వాయి మాడుతోంది, వచ్చి తిప్పరా అంటే ఎవరు వింటారు?